ఎనిమిదిన్నర తర్వాత తయారయ్యే రోబోలు

హాస్టల్ గేటుకి తాళం వేయించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత రాసేదంతా ఎవరి మీదో నెపం వేస్తున్నట్టు ఉండదు.

2022 నుంచి 2024 దాకా హైదరాబాదు శివార్లలో ఒక ఇంజనీరింగు కాలేజీలో పనిచేశాను. నేను చదివింది సాహిత్యం. స్త్రీల శ్రమ పాటల మీద డాక్టరేటు. నాట్ల పాటలు, కలుపు పాటలు, దంపుళ్ళ పాటలు. ఆ డాక్టరేటుకి యూనివర్సిటీల్లో చోటు దొరక్క, ఇంగ్లీషు ఎమ్మే కూడా ఉంది కాబట్టి, కాబోయే ఇంజనీర్లకి 'కమ్యూనికేషన్ స్కిల్స్' నేర్పే మేడమ్‌నయ్యాను. జీతం తక్కువ, ఉండడానికి గది మాత్రం ఉచితం. ఉచితం అంటే, బదులుగా అమ్మాయిల హాస్టల్‌కి డిప్యూటీ వార్డెన్‌గా ఉండాలి. వారానికి మూడు రాత్రులు ఎనిమిదిన్నరకి రిజిస్టరు పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. లెక్క సరిపోయాక వాచ్‌మన్ చేత తాళం వేయించాలి. అబ్బాయిల హాస్టల్‌కీ గేటుంది. దానికి తాళం వేసి ఉండగా చూసినవాళ్ళు నాకు తారసపడలేదు.

మా హాస్టల్ మూడో అంతస్తు వరండాలోంచి చూస్తే వర్క్‌షాపు కిటికీలు కనిపించేవి. రాత్రి పన్నెండైనా, రెండైనా లైట్లు వెలుగుతూనే ఉండేవి. డ్రిల్లింగ్ మిషన్ రొద, మధ్యలో ఎవరో ఈల వేయడం, ఉన్నట్టుండి చప్పట్లు. ఆ చప్పట్లు ఎందుకో తెలియక మా అమ్మాయిలు వరండాలో నిలబడి ఫోన్లు చేసేవాళ్ళు. 'ఏమైందిరా, నడిచిందా?' అని. నడిచిందని అవతలి నుంచి అబ్బాయిలు చెప్తే వీళ్ళూ ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు. తమ జట్టు తయారుచేస్తున్న రోబో మొదటి అడుగు వేసినప్పుడు ఆ జట్టులోని నలుగురు అమ్మాయిల్లో ఒక్కరూ దాన్ని చూడలేదు. రెండు వందల అడుగుల దూరంలో ఉన్నారు. మధ్యలో తాళం ఉంది. ఆ రాత్రి డ్యూటీ నాదే.

ఈ పోటీల సంగతి తెలియని పాఠకులు ఉంటారు కాబట్టి కొంచెం చెప్తాను. పేరు ఏబీయూ రోబోకాన్. ఆసియా పసిఫిక్ దేశాల ప్రసార సంస్థలన్నీ కలిసి 2002లో టోక్యోలో మొదలుపెట్టాయి. మన దేశం తరఫున బాధ్యత దూరదర్శన్‌ది. ప్రతి ఏడూ ఒక దేశం ఆతిథ్యం ఇస్తుంది. ఆ దేశపు పురాణం నుంచో పండగ నుంచో పల్లె జీవితం నుంచో ఒక ఇతివృత్తం తీసుకుని ఆట రూపొందిస్తుంది. నియమావళి నెలల ముందే విడుదలవుతుంది. కాలేజీల జట్లు దాన్ని చదివి, ఆ ఆట ఆడగలిగే రోబోలని మొదటి నట్టు నుంచీ తామే తయారుచేసుకోవాలి. కొన్న బొమ్మ పనికిరాదు. ముందు డిజైను కాగితాలు పంపాలి, తర్వాత రోబో పనిచేస్తున్న వీడియో పంపాలి, అవి నెగ్గితేనే జాతీయ పోటీకి పిలుపు. ఆట వ్యవధి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల కోసం ఏడాదిలో సగం రాత్రులు వర్క్‌షాపులోనే గడుస్తాయి. పగలు క్లాసులుంటాయి, హాజరు శాతం ఉంటుంది. అందుకని రోబో రాత్రిపూటే తయారవుతుంది. దీన్ని ఎవరూ నియమంగా రాయలేదు. రాయక్కర్లేదు కూడా.

2024 ఆతిథ్య దేశం వియత్నాం. ఇతివృత్తం 'కోతల రోజు'. ఆ దేశపు కొండ చరియల మీద మెట్లు మెట్లుగా ఉండే వరి మళ్ళని నమూనాగా తీసుకున్నారు. రోబో ముందు నారు నాటాలి. తర్వాత వరి కొయ్యాలి, అంటే గింజలకి గుర్తుగా పెట్టిన రంగు బంతులని ఏరాలి. గింజల మధ్య తాలు కూడా ఉంటుంది, అది వేరే రంగు. రంగుని బట్టి గింజ ఏదో తాలు ఏదో కెమెరా కనిపెట్టాలి. రెండో రోబో, మనిషి చెయ్యి తగలకుండా తనంతట తానే, ఆ గింజలని గాదెలకి చేర్చాలి. లెక్క ప్రకారం మూడు గాదెలు నింపితే మిగతా మార్కులతో నిమిత్తం లేకుండా గెలుపే.

నియమావళి ఇంగ్లీషులో ఉంటుంది. జట్టు వాళ్ళు నా దగ్గరికి తెచ్చి, 'మేడమ్, ఈ వాక్యానికి రెండర్థాలు వస్తున్నాయి, ఏది తీసుకోవాలి?' అని అడిగేవాళ్ళు. నాకు సరదా వేసింది. నారు, నాటు, కోత, తాలు, గాదె... ఇవి నా థీసిస్‌లోని అధ్యాయాలు! పదిహేనేళ్ళుగా నేను తిరిగిన మాటలు ఇంజనీరింగు కుర్రాళ్ళ నోటికి వచ్చాయి. అయితే నా థీసిస్‌లో ప్రతి మాట పక్కనా ఒక ఆడమనిషి ఉంది. నారు పీకే చెయ్యి, నడుం వంచి వెనక్కి నడుస్తూ నాటే వరస, కొడవలి, చేట పట్టుకుని తాలు చెరిగే మణికట్లు. నియమావళిలో ఇవన్నీ 'టాస్కులు'. టాస్క్ ఒకటి, టాస్క్ రెండు. పని మిగిలింది, చేసే మనిషి పోయింది. ఆ తేడా నాకప్పుడే తట్టి ఉంటే బాగుండేది. తట్టలేదు. ఇంగ్లీషు వాక్యం సరిచేసి పంపేశాను.

జట్టులో రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె ఉండేది. పేరు రాయను. నల్లగొండ వైపు పల్లె. వాళ్ళమ్మ కూలికి నాట్లు వేస్తుంది. సెలవుల్లో తనూ వేసేది. మా నాయనమ్మ గోదావరి జిల్లాలో గట్టు మీద నిలబడి ఊడ్పులు వేయించేది. ఆ తేడా కూడా చెప్పాలి. నేను పరిశోధన కోసం రికార్డరు పట్టుకుని నిలబడ్డదీ ఆ గట్టు మీదే. పాటలు రాసుకున్నాను గాని మడిలోకి దిగలేదు. పాట ఎత్తుకునే గొంతులు నా దగ్గర గంటల కొద్దీ ఉన్నాయి, ఆ చేతులు ఏం చేస్తున్నాయో ఒక్క పేజీ కూడా లేదు.

మొదట్లో జట్టు చేసిన రోబో నారుని పైనుంచి వదిలేసేది. బొమ్మ నారే, నీళ్ళూ బురదా లేని నేలే, అయినా సగం సార్లు పక్కకి ఒరిగి పడిపోయేది. మోటారు మార్చారు. పట్టుకునే చెయ్యి మార్చారు, దాన్ని వాళ్ళు గ్రిప్పర్ అంటారు. ఫలితం లేదు. ఒక సాయంత్రం ఈ అమ్మాయి వాళ్ళతో అందట. 'గిట్ల మీదికెల్లి ఇడిస్తే పడిపోతది. మా అమ్మ ముందుగాల మొదలు నేలకానిస్తది, బొటనవేలుతోని నెడ్తది, ఎంబడే ఇడువదు. వేళ్ళు వదులు చేసి చెయ్యిని నిటారుగ మీదికి గుంజుకుంటది.' ముందు నేలకి ఆనించడం, తర్వాత పట్టు సడలించడం, ఆ తర్వాత నిటారుగా పైకి తీయడం. మూడు అంచెలు. వాళ్ళు చేస్తున్నది ఒకే అంచె. మర్నాడు ప్రోగ్రాము మార్చి చూశారు. నారు నిలబడింది.

నిజం మడిలో ఇంకా చాలా ఉంది. నారు లోతుగా దిగితే పిలకలు తగ్గుతాయి, మరీ పైపైన ఉంటే నీటికి తేలిపోతుంది. ఆ మధ్య కొలత బొటనవేలికే తెలుసు. కుదురుకి రెండు మూడు మొక్కలు, ఎక్కువైతే నారు చాలదు. రెండు మీటర్లకొక కాలిబాట వదలాలి, లేకపోతే గాలాడక దోమ పడుతుంది. ఇదంతా వంగిన నడుంతో, మోకాళ్ళ కింది దాకా నీళ్ళలో, నానిపోయి తోలు ఊడే వేళ్ళతో, పక్క మనిషి వరసతో కలిసిపోతూ చెయ్యాలి. పాట అందుకే. వరస కలవడానికి. దీన్ని వ్యవసాయ గణాంకాల్లో, కూలి రేట్లలో, మన ఇళ్ళ మాటల్లో 'నైపుణ్యం అక్కర్లేని పని' అంటారు. అదే పని ఒక లోహపు చెయ్యి, నీళ్ళు లేని నేల మీద, డజను బొమ్మ మొక్కలతో చెయ్యబోతే దానికి 'ఇంజనీరింగు సవాలు' అని పేరు. ఒకే పనికి రెండు పేర్లు ఎలా వచ్చాయి? పని మారలేదు కదా! చేసేవాళ్ళు మారారు.

ఇప్పుడు నా తప్పు. డిజైను రిపోర్టు రాసే పని ఎప్పటిలాగే అమ్మాయిలకి అప్పగించారు. చేతిరాత బావుంటుందనే కాలం పోయింది, అయినా 'వాళ్ళు నీట్‌గా చేస్తార్రా' అనే మాట పోలేదు. ఎనిమిదిన్నర తర్వాత గదిలో కూర్చుని చెయ్యగలిగిన పని కూడా అదొక్కటే. రిపోర్టు దిద్దడానికి నా దగ్గరికి వచ్చింది. గ్రిప్పర్ గురించిన పేజీలో ఆ అమ్మాయి ఒక వాక్యం రాసుకుంది. ఈ విధానం వరి నాటే స్త్రీల నుంచి, ముఖ్యంగా తన తల్లి నాటే తీరు నుంచి నేర్చుకున్నదని. ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేశాను. సాంకేతిక నివేదికలో అమ్మ ఏమిటి, జడ్జీలు నవ్వుతారని. పక్కన, 'పలు ప్రయోగాల అనంతరం మెకానికల్ బృందం ఈ విధానాన్ని మెరుగుపరిచింది' అని మర్యాదైన ఇంగ్లీషులో రాశాను. మెకానికల్ బృందంలో అమ్మాయిలు లేరు. స్త్రీల శ్రమ పాటల మీద డాక్టరేటున్న నేనే ఆ పని చేశాను. ఆ అమ్మాయి కాగితం తీసుకుని 'థాంక్యూ మేడమ్' అంది.

జాతీయ పోటీ ఢిల్లీలో. రిపోర్టు నెగ్గింది, వీడియో నెగ్గింది. అమ్మాయిలు వెళ్ళాలంటే తోడు ఒక లేడీ ఫ్యాకల్టీ ఉండాలన్నారు. ఆమె ఖర్చు ఏ పద్దులో రాయాలో తెలీదన్నారు. నలుగురూ ఆగిపోయారు. నేను వెళ్తానని నేనూ అనలేదు. పరీక్ష పేపర్లు దిద్దాల్సి ఉంది, టిక్కెట్టు డబ్బులు ఎవరిస్తారో తేలలేదు, ఏవో కారణాలు. రోబో పెట్టెలో పెట్టుకుని అబ్బాయిలు రైలెక్కారు. సర్టిఫికెట్లో ఆ అమ్మాయి పేరు పక్కన 'డాక్యుమెంటేషన్' అని ఉంది.

నేను కొట్టేసింది ఒక్క వాక్యం. ఈ పోటీల చరిత్ర వెనక్కి తిరగేస్తే అలాంటి కొట్టివేతలే వరసగా కనిపిస్తాయి. 2004లో సియోల్ పోటీకి కొరియా వాళ్ళు తీసుకున్నది ఎడబాసిన ప్రేమికుల కథ. అతను పశువుల కాపరి, ఆమె నేతగత్తె. ఆటలో రోబోలు పూర్తి చెయ్యాల్సింది వంతెన. నేత ఆటలోకి రాలేదు. 2008లో మన పుణె. ఇతివృత్తం 'గోవింద'. ఉట్టి మీద కుండల్లోంచి వెన్న తియ్యాలి. మూడు వెన్న ముద్దలూ చేజిక్కితే 'గోవింద' అని కేక, గెలుపు. వెన్న దొంగిలించడం మనకి ముచ్చటైన కథ, కాదనను. చల్ల చిలికింది ఎవరు అన్న ప్రశ్నకి మాత్రం అందులో చోటు లేదు. కుండ పగిలితే ఆడవాళ్ళకి నష్టం, మగపిల్లాడికి లీల. 2009లో టోక్యోలో ఆట పల్లకీ మోయడం. నా పాటల్లో బోయీలున్నారు, వాళ్ళ భుజాలున్నాయి. దొర ఎక్కిన పల్లకీని వెట్టికి మోసినవాళ్ళు మా ముందు తరం దాకా బతికే ఉన్నారు.

2014లో మళ్ళీ పుణె. ఈసారి ఇతివృత్తం తల్లిదండ్రులకి వందనం. మనిషి నడిపే పేరెంట్ రోబో ఒకటి, తనంతట తాను కదిలే పిల్ల రోబో ఒకటి. పెద్దది చిన్నదాన్ని ఎత్తుకెళ్ళి సీసా ఆడించాలి, ఉయ్యాల ఊపాలి, గుంజల మీద నడిపించాలి, జంగిల్ జిమ్ ఎక్కించాలి. ఆటస్థలానికి తీసుకెళ్ళి ఆడించడమే పెంపకమైతే తండ్రులందరూ ఆదివారం సాయంత్రాల్లో దాన్ని నెగ్గుకొస్తున్నారు. అర్ధరాత్రి జ్వరం, స్కూలు డబ్బా, కక్కు కడగడం, పక్క తడిపితే దుప్పటి మార్చడం... వీటికి మూడు నిమిషాల్లో మార్కులు వేయడం కష్టమే. కష్టం కాబట్టి ఆటలోంచి తీసేశారనుకుందాం. తీసేసి మిగిలినదానికి 'పెంపకం' అని ఎలా పేరు పెట్టారు?

2022లో న్యూఢిల్లీలో ఆడించింది లగోరి. మన ఏడు పెంకులాట. ఈ ఒక్క ఆటకి నాకు పేచీ లేదు. చిన్నప్పుడు మేమూ ఆడాం. పెద్దమనిషయ్యాక మాన్పించారు గాని.

'ఆటని ఆటగా చూడండి మేడమ్, ప్రతిదానికీ స్త్రీవాదమేనా?' అన్నాడు జట్టు సలహాదారైన సహోద్యోగి. చెడ్డవాడు కాదు, నాతో టీ తాగే మనిషి. ఆటగానే చూస్తున్నాను. ఏ పనిని ఆటగా ఎంచుకుంటాం, ఆ పనిలోంచి ఏం వదిలేస్తాం అన్నదే నా ప్రశ్న. రోబో అన్న మాటే సాహిత్యంలోంచి వచ్చింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం 'ఆర్.యు.ఆర్.' కోసం అతని అన్న యోసెఫ్ సూచించిన మాట. చెక్ భాషలో 'రొబొటా' అంటే భూస్వామికి బలవంతాన చెయ్యాల్సిన చాకిరీ. తెలుగులో దానికి నిఘంటువు అక్కర్లేదు. వెట్టి. ఆ నాటకంలో కంపెనీ డైరెక్టరుని ఒక స్త్రీ అడుగుతుంది, ఆడ రోబోలని ఎందుకు తయారుచేస్తున్నారని. గిరాకీ ఉందంటాడు. పనిమనుషులుగా, దుకాణాల్లో, ఆఫీసుల్లో జనానికి ఆడవాళ్ళే అలవాటని. వందేళ్ళు దాటింది. మన ఫోన్లలో, స్టేషన్లలో చెప్పినపని చేసే గొంతు ఇంకా ఆడగొంతే. తయారుచేసే గది మాత్రం మగగది.

ఇంకో వాదన వస్తుంది, మన వైపు నుంచే. రోబోలు వస్తే ఆడవాళ్ళకి చాకిరీ తప్పుతుంది కదా, సంతోషించక ఏమిటీ గొడవ అని. చాకిరీ తప్పాలని నాకూ ఉంది. దంపుళ్ళ పాటలు ఎంత బాగున్నా రోకలి బాగుండదు. పాట కోసం రోకలి కావాలనే పరిశోధకుల్లో నేను లేను. కాని మిషన్ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో పల్లెల్లో చూశాం. వరికోత మిషన్ వచ్చింది. కోత కూలి పోయింది. మిషన్ మీద కూర్చున్నది మగవాడు. కలుపు మందు వచ్చింది, కలుపు కూలి పోయింది. డబ్బా వీపుకి కట్టుకున్నది మగవాడు. నాట్లు మిగిలాయనుకుంటే వెదజల్లే పద్ధతి వచ్చింది. ఈమధ్య తెలంగాణలో బీహారు, బెంగాలు నుంచి వలస వచ్చిన మగవాళ్ళ ముఠాలు ఎకరానికింత అని గుత్తకి నాట్లు వేస్తున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళదీ ఆకలే. కాని నాటు ఆడవాళ్ళ పని, మగవాళ్ళకి నడుం వంగదు అని తరతరాలుగా చెప్పినవాళ్ళు ఇప్పుడేమంటారు? గుత్త ధర వచ్చేసరికి నడుం వంగింది! యంత్రం ఆడవాళ్ళ చేతిలోంచి పని తీసుకుంటుంది, కూలీ తీసుకుంటుంది. యంత్రాన్ని మాత్రం వాళ్ళ చేతికివ్వదు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' అమెరికా ఇళ్ళ గురించి ఇలాంటి సంగతే చెప్తుంది. ఇంటి యంత్రాలు ముందుగా తీసేసింది మగవాళ్ళూ పిల్లలూ చేసే పనులని. పొయ్యి మారాక కట్టెలు కొట్టే అవసరం పోయింది, వంట అక్కడే ఉంది. తల్లి కూడా అక్కడే ఉంది.

అందుకే రోబో ఏ పని చెయ్యాలన్నది ఎవరు నిర్ణయిస్తున్నారో చూడాలంటాను. అఫ్ఘానిస్తాన్‌లో హెరాత్ అమ్మాయిల జట్టు ఒకటుంది. వాళ్ళు కాలేజీ వాళ్ళు కూడా కాదు, బడి పిల్లలు. 2017లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ రోబో పోటీకి వెళ్ళాలంటే అమెరికా రెండుసార్లు వీసా నిరాకరించింది. గోల అయ్యాక చివరి క్షణంలో ఇచ్చింది. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఆ జట్టు ఏ నియమావళి కోసమూ ఎదురుచూడలేదు. పాత టయోటా కరోలా కార్ల విడిభాగాలతో చవకైన వెంటిలేటర్ నమూనా చెయ్యడం మొదలుపెట్టింది. తమ ఊళ్ళో ఏ పని అవసరమో వాళ్ళే తేల్చుకున్నారు. 2021లో తాలిబాన్ వచ్చాక ఆ జట్టు అమ్మాయిలు కొందరు ఖతార్‌కీ, కొందరు మెక్సికోకీ పోయి తలదాచుకున్నారు. 2022 డిసెంబరులో ఆ దేశంలో అమ్మాయిలకి యూనివర్సిటీ తలుపులు మూసేశారు. అది చదివి మా స్టాఫ్‌రూములో అందరం 'పాపం' అన్నాం. ఆ సాయంత్రం నేను ఎనిమిదిన్నరకి డ్యూటీకి వెళ్ళాను. రెంటినీ ఒకే గాటన కట్టను, ఆ పిల్లల కష్టాన్ని తక్కువ చెయ్యడం అవుతుంది. కాని తాళం వేసిన శబ్దం ఆ రోజు కొంచెం గట్టిగానే వినిపించింది.

తాళాన్ని సమర్థించేవాళ్ళ మాట ఒక్కటే. భద్రత. వర్క్‌షాపు కాలేజీ ప్రాంగణంలోనే ఉంది. దారిలో ప్రమాదం ఉందంటే ఆ ప్రమాదం మా విద్యార్థులో మా ఉద్యోగులో అయి ఉండాలి. అలాంటప్పుడు ఎవరిని లోపల పెట్టి తాళం వెయ్యాలి? 2015లో ఢిల్లీ హాస్టళ్ళ అమ్మాయిలు 'పింజ్రా తోడ్' అంటూ వీధికెక్కినప్పుడు అడిగింది ఇదే. 2022లో కేరళ హైకోర్టు కోజికోడ్ మెడికల్ కాలేజీ హాస్టల్ కేసులో, అమ్మాయిలనే ఎందుకు బంధిస్తారని ప్రభుత్వాన్ని నిలదీసింది. ఐఐటీల్లో అమ్మాయిలు తక్కువున్నారని 2018 నుంచి అదనపు సీట్లు చేర్చి, 2020 కల్లా వాళ్ళ వాటా ఇరవై శాతానికి తేవాలన్నారు. మంచిదే. సీటు ఇచ్చి, క్లాసులో కూర్చోబెట్టి, అసలు యంత్రం తయారయ్యే వేళకి గదిలో పెట్టి తాళం వేస్తే? ఇంజనీరింగు పుస్తకంలో కొంత ఉంటుంది. మిగతాది కాలిపోయిన మోటారు డ్రైవరు వాసనలో, తప్పుగా వేసిన బెజ్జంలో, రాత్రి రెండింటికి 'ఇంకొక్కసారి చూద్దాం' అనడంలో ఉంటుంది. గుజరాతీ గల్లీలో బోర్డు కొనడం, రాణీగంజ్‌లో బేరింగుల బేరం చెయ్యడం... ఇవి అబ్బాయిలకి బండెక్కి వెళ్ళొచ్చే పనులు, మా పిల్లలకి అవుట్‌పాస్‌లు. నాలుగేళ్ళయ్యాక ఇంటర్వ్యూలో అడుగుతారు, 'నీ చేత్తో ఏం చేశావమ్మా?' అని. రిపోర్టు చేశానని చెప్పాలి. అప్పుడు వాళ్ళే తేలుస్తారు, అమ్మాయిలకి యంత్రాల మీద ఆసక్తి ఉండదని.

ఆసక్తి సంగతి నాకు తెలుసు. ఒక రాత్రి ఒంటిగంటకి వరండాలో వెలుతురు కనిపించి వెళ్ళాను. నలుగురూ కింద కూర్చుని, ఫోను టార్చి వెలుగులో, పాత మిక్సీ విప్పుతున్నారు. మెస్‌లో పారేసిందట. మోటారు చుట్ట కాలిందా తీగె తెగిందా అని చూస్తున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు, తిడతాననుకుని. సోల్డరింగు చేసే పరికరం గదుల్లో పెట్టుకోకూడదని నిబంధన ఉంది. చూడనట్టు వచ్చేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చేసిన ధిక్కారం అంతే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ కాలేజీ వదిలేసి ఏడాది దాటింది. ఏం కావాలని అడిగితే పెద్ద సిద్ధాంతాలేం లేవు. వర్క్‌షాపు తాళంచెవి జట్టులోని అమ్మాయిల దగ్గర కూడా ఉండాలి. వర్క్‌షాపు తెరిచి ఉన్నంతసేపూ హాస్టల్ గేటు తెరిచి ఉండాలి. లేదా రెండూ ఒకే వేళకి మూసెయ్యండి, అప్పుడు ఎంతమంది అబ్బాయిల తండ్రులు ఫిర్యాదు చేస్తారో చూద్దాం. పోటీకి వెళ్ళే జట్టులో అమ్మాయిల ప్రయాణ ఖర్చు, తోడు ఖర్చు మోటార్ల ఖర్చుతో పాటే ముందే బడ్జెట్టులో రాయాలి. రిపోర్టు ఎవరు రాశారో కాదు, రిపోర్టులో ఉన్న ఆలోచన ఎవరిదో పేరు పెట్టి రాయాలి. దూరదర్శన్ మళ్ళీ ఎప్పుడైనా మన దేశంలో ఆట రూపొందిస్తే, ఆ పని రోజూ చేసే స్త్రీలని నలుగురిని నియమావళి రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి, రోజు కూలి ఇచ్చి. వాళ్ళు ఏ పని రోబోకి అప్పగించాలంటారో నాకు వినాలని ఉంది. నాటు అనకపోవచ్చు. పాకీదొడ్డి అనొచ్చు, నీళ్ళ బిందె అనొచ్చు, మంచం పట్టిన అత్తని పక్కకి తిప్పడం అనొచ్చు.

ఆ అమ్మాయికి ఈమధ్య ఫోన్ చేశాను. చివరి సంవత్సరం. రోబో వీడియో వాళ్ళమ్మకి చూపించావా అని అడిగాను. చూపించిందట. 'ఏమంది?' అన్నాను. 'మడిల నీళ్ళేవి అన్నది మేడమ్. మళ్ళ, ఇది సాయంత్రం దాక ఏస్తదా, మూడు నిమిషాలకే ఆగిపోతదా అని అడిగింది.' ఇద్దరం నవ్వుకున్నాం. రిపోర్టులో నేను కొట్టేసిన వాక్యం సంగతి ఎత్తాను. క్షమించమన్నాను. 'అది ఎప్పటి ముచ్చట మేడమ్, ఇడిసెయ్యండ్రి' అంది.

వదిలెయ్యలేదు. రిపోర్టులో ఫలానా పేజీలో ఆ వాక్యాన్ని తీసేసింది నేనేననీ, దాన్ని మళ్ళీ చేర్చాలనీ, సర్టిఫికెట్లో 'డాక్యుమెంటేషన్' అన్నచోట 'డిజైన్' అని మార్చి ఇవ్వాలనీ కాలేజీకి ఉత్తరం రాశాను. హాస్టల్ గేటు వేళల గురించి రెండో పేజీ. పంపి నాలుగు నెలలైంది, జవాబు లేదు. ఈ వ్యాసం అచ్చయ్యాక ఒక ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో వాళ్ళకి పంపుతాను.